మనవడి విమానానికి పక్క చూపు

(మేడ్చల్ – శామీర్‌పేట ప్రాంత సభ్యుల కుటుంబ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేదిక మీద మనం సాధారణంగా కరువు భత్యం బకాయిల గురించి, వైద్య బిల్లుల గురించి, కుటుంబ పింఛను కాగితాల గురించి మాట్లాడుకుంటాము. ఈసారి పిల్లలు కూడా వస్తున్నారు కాబట్టి వారికీ మనకూ ఉమ్మడిగా పనికివచ్చే సంగతి ఒకటి చెప్పమని కార్యదర్శి గారు ఆదేశించారు. నేను ఎంచుకున్న విషయం ఆహ్వాన పత్రంలో చదివి కొందరు మిత్రులు నవ్వుకున్నారని విన్నాను. నవ్వుకోవడంలో తప్పేమీ లేదు. కంప్యూటరులో విమానం నడిపే ఆట ఒకటి ఉన్నది. ఆ ఆట ఆడేవాడు తల తిప్పితే తెర మీద బొమ్మ కూడా అటే తిరిగే ఏర్పాటు ఒకటి ఉన్నది. దానిని హెడ్ ట్రాకింగ్ అంటారు. దానిని మన పింఛనుకు అందే ఖర్చులో ఇంట్లోనే ఎలా చేసుకోవచ్చునో చెప్పడం నా పని. నేను ముప్పై నాలుగేళ్ళు ఇన్‌స్ట్రుమెంట్ సెక్షనులో గేజిలు, మీటర్లు బాగుచేసినవాడిని. అందుచేత ఈ సంగతి ఆటలాగా కాక ఒక పనిముట్టులాగా చెబుతాను. పిల్లలు క్షమించాలి.

మన ప్రాంతంలో పిల్లలకు విమానం పిచ్చి పట్టడంలో వింత లేదు. మేడ్చల్‌కు పడమటగా దుండిగల్ వాయుసేన అకాడమీ ఉన్నది. దానికి 1967 అక్టోబరు 11న అప్పటి రాష్ట్రపతి డాక్టర్ జాకీర్ హుస్సేన్ గారు శంకుస్థాపన చేశారు. (మన మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా ఏర్పడినది కూడా అక్టోబరు 11నే, 2016లో. ఈ మాట క్విజ్ పోటీలో అడిగితే పెద్దవాళ్ళెవ్వరూ చెప్పలేకపోయారు.) ఇటు శామీర్‌పేట పోయే కరీంనగర్ రోడ్డు మీద హకీంపేట వాయుసేన కేంద్రం ఉన్నది. బొల్లారం, తూముకుంట వైపు ఇళ్ళున్న మిత్రులకు కిరణ్ జెట్ల ఈల చప్పుడు గురించి నేను చెప్పనక్కర లేదు. ఫోనులో మాట్లాడుతూ మాట్లాడుతూ ఆ విమానం పోయేదాకా ఆగి, తరువాత వాక్యం పూర్తి చేయడం వారికి అలవాటు. దుండిగల్ మీద 2009 వరకు దీపక్ అనే ప్రొపెల్లరు విమానాలు తిరిగేవి. 2013 నుంచి స్విట్జర్లాండు వారి పిలాటస్ విమానాలు వచ్చాయి. మేడ మీద బట్టలు ఆరవేస్తూ శబ్దాన్ని బట్టి అది ఏ విమానమో చెప్పగల గృహిణులు మన కాలనీలలో ఉన్నారు.

ఇటువంటి చోట పెరిగిన మా మనవడు తొమ్మిదో తరగతిలో ఉండగా కంప్యూటరులో విమానం నేర్చుకోవడం మొదలుపెట్టాడు. వాడు వాడినది ఫ్లైట్‌గియర్ అనే ప్రోగ్రాము. 1997 నుంచి ప్రపంచంలో పలుచోట్ల ఉన్న ఔత్సాహికులు కలిసి దానిని తయారుచేస్తూ వస్తున్నారు. పైసా ఖర్చు లేదు. డబ్బు పెట్టి కొనే ఆటలు కూడా ఉన్నాయి. మైక్రోసాఫ్ట్ వారి ఫ్లైట్ సిమ్యులేటర్ 1982 నుంచి ఉన్నది. 2020లో వచ్చిన దానిలో ఉపగ్రహ చిత్రాలతో ఊళ్ళకు ఊళ్ళే కనిపిస్తాయి గానీ, దానికి తగిన కంప్యూటరు కొనాలంటే మన గ్రాట్యుటీ వెతుక్కోవలసి వస్తుంది. కాబట్టి నేను ఫ్లైట్‌గియర్ గురించే చెబుతాను. బేగంపేట విమానాశ్రయం అందులో ఉన్నది. 2008 మార్చిలో ప్రయాణికుల విమానాలు శంషాబాదుకు తరలిపోయాయి గానీ, ఆటలో మాత్రం బేగంపేటలో మనం నిరభ్యంతరంగా దిగవచ్చు.

దిగవచ్చు అన్నానే గానీ, మావాడు దిగలేకపోయాడు. ఇక్కడే అసలు సంగతి ఉన్నది, కొంచెం ఓపిగ్గా వినండి.

విమానం దిగడానికి ముందు రన్‌వే చుట్టూ దీర్ఘచతురస్రం ఆకారంలో ఒక చుట్టు తిరుగుతుంది. దానిని సర్క్యూట్ అంటారు. గుడి చుట్టూ ప్రదక్షిణం అనుకోండి, కాకపోతే ఎక్కువగా ఎడమ చేతి వైపు. ఉదాహరణకు బేగంపేట రన్‌వే పడమటి నుంచి తూర్పుకు ఉంటుంది. తూర్పు ముఖంగా దిగాలంటే ముందు రన్‌వేకు ఉత్తరంగా, దానికి సమాంతరంగా పడమటి దిక్కుకు ఎగురుతూ పోవాలి. అప్పుడు రన్‌వే పైలట్‌కు ఎడమ పక్కన ఉంటుంది. రన్‌వే మొదలు తన ఎడమ భుజం వెనక్కి, సుమారు 45 డిగ్రీల కోణంలో జరిగింది అనిపించినప్పుడు ఎడమకు తిరగాలి, తరువాత ఇంకోసారి ఎడమకు తిరిగితే రన్‌వే ఎదురుగా వస్తుంది. అంటే, ఎప్పుడు తిరగాలో తెలియాలంటే భుజం మీదుగా వెనక్కి చూడాలి. వేరే మార్గం లేదు.

కంప్యూటరు తెర చూపేది ముందు వైపు కొంత మేర మాత్రమే. రెండు గోడల మధ్య కిటికీలోంచి వీధిని చూస్తున్నట్లు ఉంటుంది. పక్కన ఏమున్నదో చూడాలంటే ఒక మీట నొక్కాలి. అప్పుడు బొమ్మ ఠక్కున ఎడమకు మారుతుంది. మళ్ళీ నొక్కితే ముందుకు వస్తుంది. ఈ నొక్కుడులో పిల్లవాడికి దిక్కు తోచదు. ఆ లోపల ఎత్తు తప్పుతుంది, వేగం పడిపోతుంది. మావాడు పది రోజులు ప్రయత్నించి పది రోజులూ విమానాన్ని హుస్సేన్‌సాగర్ దగ్గరలో ఎక్కడో పడేశాడు. ఒకనాడు వచ్చి, “తాతయ్యా, విమానం నడపడం వస్తున్నది, పక్కకు చూడడమే రావడం లేదు” అన్నాడు. వాడికి తెలియకుండానే పెద్ద మాట అన్నాడు. నిజమైన శిక్షణలో కూడా, విమానాన్ని ఎటు తిప్పబోతున్నా ముందు అటు తల తిప్పి ఆకాశం ఖాళీగా ఉన్నదో లేదో చూడమనే మొదట నేర్పుతారు. దీపక్‌లోనూ కిరణ్‌లోనూ గురువు, శిష్యుడు పక్కపక్కన కూర్చునే ఏర్పాటు ఉంటుంది. శిష్యుడి తల తిరిగిందో లేదో గురువుకు పక్కనుంచే కనబడిపోతుంది.

ఆట ఆడేవాళ్ళు ఈ ఇబ్బందికి చాలా కాలం క్రితమే విరుగుడు కనిపెట్టారు. తల కదలికను యంత్రానికి తెలియజేయడం అనే ఆలోచన చాలా పాతది. 1968లో అమెరికాలో ఐవాన్ సదర్లాండ్ అనే ఆయన పైకప్పు నుంచి వేలాడే ఒక పరికరాన్ని తలకు తగిలించి, తల ఎటు తిరిగితే అటు బొమ్మ చూపించాడు. మన వాయుసేనకు 1987లో వచ్చిన మిగ్–29 విమానాలలో పైలట్ హెల్మెట్ ఎటు తిరిగిందో కనిపెట్టి క్షిపణికి గురి చూపే ఏర్పాటు ఉన్నది. ఇళ్ళలో ఆడేవారి కోసం నేచురల్‌పాయింట్ అనే అమెరికా కంపెనీ ట్రాక్ ఐఆర్ అనే చిన్న పరికరాన్ని 2001 ప్రాంతంలో అమ్మకానికి పెట్టింది. అది మంచి పరికరమే, ఇప్పటికీ చాలామంది వాడుతున్నారు. దాని ధర నూట యాభై డాలర్ల పైమాట. రవాణా, సుంకం కలిపితే మన చేతికి వచ్చేసరికి ఇంకా పెరుగుతుంది.

ఇక్కడ ఒక లెక్క తమ దృష్టికి తేవాలి. ప్రైవేటు ఫ్యాక్టరీలలో చేసిన మన మిత్రులలో అనేకులు 1995 పింఛను పథకం కిందివారు. ఆ పథకంలో 2014 సెప్టెంబరులో కనీస పింఛను నెలకు 1,000 రూపాయలుగా నిర్ణయించారు. అది పెంచాలని మనం ఎన్ని అర్జీలు పెట్టుకున్నామో అందరికీ తెలుసు. ఆ పింఛనుతో చూస్తే ఈ పరికరం ఖరీదు ఒక సంవత్సరం పింఛనును మించుతుంది. మనవడు అడిగితే కాదనలేక, కొడుకును అడగడానికి మొహమాటపడి, ఎఫ్‌డీ విరిచిన తాతలు మనలో ఉన్నారు. వారి కోసమే ఈ ప్రసంగం.

ఆ పరికరం చేసే పనిని ఉచితంగా చేసే ప్రోగ్రాము ఒకటి ఉన్నది. దాని పేరు ఓపెన్‌ట్రాక్. అది మన కంప్యూటరు కెమెరా చూస్తున్న బొమ్మలోంచి మన తల ఎటు తిరిగిందో లెక్కకట్టి ఆ సంగతి ఆటకు చెబుతుంది. ఫ్లైట్‌గియర్‌కు చెప్పే మార్గం అందులోనే ఉన్నది, ఇతర ఆటలకు కూడా ఉన్నది.

కెమెరా తలను ఎలా పోల్చుకుంటుందని అనుమానం రావచ్చు. నవంబరులో మనలో చాలామంది లైఫ్ సర్టిఫికెట్ కోసం ఫోను ముందు ముఖం పెట్టి కూర్చుంటున్నాము గదా. 2014లో జీవన్ ప్రమాణ్ వచ్చినప్పుడు వేలిముద్ర పెట్టేవాళ్ళం. అరిగిపోయిన మన వేళ్ళు యంత్రానికి ఆనక అవస్థ పడేవాళ్ళం. 2021 నవంబరు నుంచి ముఖం చూపితే చాలు అన్నారు. ముఖం చట్రంలో పెట్టు, కళ్ళు ఆర్పు అంటుంది ఆ ఫోను. అది ముఖంలో కళ్ళు, ముక్కు, నోరు ఎక్కడ ఉన్నాయో గుర్తుపడుతుంది కాబట్టే అలా చెప్పగలుగుతున్నది. ఓపెన్‌ట్రాక్ కూడా ఆ పద్ధతిలోనే పనిచేస్తుంది. ముక్కు ఎడమకు జరిగి, ఎడమ చెవి మరుగైతే తల అటు తిరిగిందని తెలుసుకుంటుంది. ఫోను చేసే పని మనం బతికే ఉన్నామని సర్కారుకు చెప్పడం. ఇది చేసే పని మనం ఎటు చూస్తున్నామో ఆటకు చెప్పడం. ఇది ఎవరో తెలుసుకోవలసిన అవసరం దీనికి లేదు, ముఖం బొమ్మను ఎక్కడికీ పంపదు కూడా.

తల కదలికలు ఆరు రకాలు. మూడు తిప్పుళ్ళు: కాదు అన్నట్లు అడ్డంగా, అవును అన్నట్లు నిలువుగా, సరే చూద్దాం అన్నట్లు భుజం మీదికి వాల్చడం. మూడు జరుపుళ్ళు: పక్కలకు, పైకీ కిందికీ, ముందుకూ వెనక్కీ. ఆరూ వాడనక్కర లేదు. మొదటి రెండు తిప్పుళ్ళు ఉంటే మావాడి సర్క్యూట్‌కు చాలు. మూడోది, అంటే వాల్చడం, తీసివేయడమే మంచిదని నా అభిప్రాయం. దానివల్ల బొమ్మ ఒరిగి, విమానం ఒరిగిందేమోనని భ్రమ కలుగుతుంది.

మొట్టమొదట ఏమీ కొనకుండా చేసే పద్ధతి. ల్యాప్‌టాపుకు కెమెరా ఉంటే అది చాలు. లేకపోతే మనవళ్ళు వదిలేసిన పాత స్మార్ట్‌ఫోనును కెమెరాగా వాడుకునే ప్రోగ్రాములు ఉన్నాయి. ఓపెన్‌ట్రాక్‌లో న్యూరల్‌నెట్ అని ఒక పద్ధతి ఎంచుకోవాలి. తలకు ఏమీ పెట్టుకోనక్కర లేదు. ఇది పనిచేయకపోతే నూటికి తొంభై పాళ్ళు తప్పు వెలుతురుదే. కిటికీకి వీపు పెట్టి కూర్చుంటే ముఖం నల్లగా పడుతుంది, కెమెరాకు ఏమీ కనబడదు. కిటికీకి ఎదురుగా కూర్చోవాలి. రాత్రి అయితే ముఖం మీద పడేటట్లు ఒక టేబుల్ లైటు పెట్టుకోవాలి. వెలుతురు తక్కువైతే కెమెరా ఒక్కొక్క బొమ్మకు ఎక్కువసేపు తీసుకుంటుంది. సెకనుకు 30 బొమ్మలు తీయవలసినది 15కు పడిపోతుంది. అప్పుడు మనం తల తిప్పిన తరువాత బొమ్మ తీరిగ్గా తిరుగుతుంది. ఆ ఆలస్యమే తల తిరుగుడుకు, వాంతికి కారణం. ఇంకొక చిన్న విషయం. కొన్ని కెమెరాలు అమెరికా కరెంటుకు సరిపడేటట్లు 60 సైకిల్స్‌కు అమర్చి వస్తాయి. మన కరెంటు 50 సైకిల్స్. కెమెరా సెట్టింగులో దానిని 50 చేస్తే ట్యూబ్‌లైటు కింద బొమ్మ మీద పారే చారలు ఆగిపోతాయి.

దీని తరువాత చేయవలసిన సర్దుబాటు అన్నిటికంటే ముఖ్యమైనది. చాలామంది ఇక్కడే విసిగి వదిలేస్తారు. తల ఎడమకు 90 డిగ్రీలు తిప్పితే తెర కూడా 90 తిరగాలి అనుకుంటాం. అలా తిప్పితే మన కళ్ళకు తెరే కనిపించదు గదా! తల కొద్దిగా తిరగాలి, కళ్ళు తెర మీదనే ఉండాలి, బొమ్మ మాత్రం బాగా తిరగాలి. అందుకని ఓపెన్‌ట్రాక్‌లో ఒక వంపు గీత గీసుకునే ఏర్పాటు ఉన్నది. మన ఫ్యాక్టరీలలో క్యాలిబ్రేషన్ కర్వ్ అనేవాళ్ళం చూడండి, అదే. అడ్డంగా మన తల డిగ్రీలు, నిలువుగా ఆటలోని డిగ్రీలు. మొదటి మూడు డిగ్రీల వరకు గీత నేల మీదనే ఉండాలి. ఎందుకంటే మనిషి తల ఎప్పుడూ నిశ్చలంగా ఉండదు. ఊపిరి తీస్తేనే కదులుతుంది. ఆ సందు విడవకపోతే గేజి ముల్లులాగా బొమ్మ వణుకుతూనే ఉంటుంది. అక్కడినుంచి మెల్లగా లేచి, 10 డిగ్రీల దగ్గర 30, 20 డిగ్రీల దగ్గర 90, 25 దగ్గర 130 వచ్చేటట్లు గీసుకుంటే భుజం వెనక్కి కూడా కనిపిస్తుంది. ఈ అంకెలు మావాడికి సరిపోయినవి. ఎవరి మెడకు తగినట్లు వారు మార్చుకోవాలి. పైకీ కిందికీ చూసే గీత ఇంత నిటారుగా ఉండకూడదు. సామాన్యంగా దానిని సగానికి తగ్గిస్తే నెమ్మదిగా ఉంటుంది.

ఇంకొకటి, నడుమ స్థానం. కుర్చీలో సర్దుకుని కూర్చుని ఒక మీట నొక్కితే, ఇదే ముందు చూపు అని ప్రోగ్రాము గుర్తుపెట్టుకుంటుంది. తక్కెడ సున్నా చేసుకోవడం లాంటిది. ఆడుతున్నప్పుడు కుర్చీలో జారిన ప్రతిసారీ ఆ మీట నొక్కాలి. పిల్లలు ఎప్పుడూ జారుతూనే ఉంటారు.

ముఖం గుర్తించే పద్ధతి కళ్ళజోడు మెరుపు వల్లనో, పాత కంప్యూటరు వల్లనో సరిగా రాకపోతే రెండో ఉపాయం కాగితం ముక్క. నలుపు తెలుపు గళ్ళతో ఉండే ఒక గుర్తును ముద్రించి, అట్టకు అంటించి, టోపీకి ముందు తగిలించుకోవాలి. ఓపెన్‌ట్రాక్‌లో ఆరుకో అనే పద్ధతి ఆ గుర్తును చూసి లెక్కకడుతుంది. జిరాక్స్ సెంటరులో ఒక ప్రింటు ఖర్చు. చూడడానికి మాత్రం నుదుట రేషను కార్డు అంటించుకున్నట్లు ఉంటుంది. మా కోడలు ఫోటో తీసి బంధువులందరికీ పంపింది.

మూడో పద్ధతి నాకు ఇష్టమైనది. ఎందుకంటే అందులో సోల్డరింగ్ ఉన్నది. పరారుణ కాంతి, అంటే కంటికి కనబడని వెలుతురు ఇచ్చే ఎల్‌ఈడీలు మూడు తీసుకుని టోపీ మీద త్రిభుజంలాగా అమర్చడం. ఒకటి ముందుకు, రెండు కాస్త వెనుకగా అటూ ఇటూ. మూడూ ఒకే వరుసలో ఉంటే తల ఏ వైపు వంగిందో లెక్క తేలదు. వాటి మధ్య దూరాలు మిల్లీమీటర్లలో కొలిచి ప్రోగ్రాముకు చెప్పాలి. నేను వెర్నియర్‌తో కొలిచాను, స్కేలు చాలు. ఒక్కొక్క ఎల్‌ఈడీ 1.3 నుంచి 1.4 వోల్టుల దాకా తీసుకుంటుంది. మూడూ సిరీస్‌లో కలిపితే సుమారు 4 వోల్టులు. కంప్యూటరు యూఎస్‌బీలో వచ్చేది 5 వోల్టులు. మిగిలిన 1 వోల్టు, 50 మిల్లీ ఆంపియర్ల కరెంటుకు ఓమ్ సూత్రం ప్రకారం 20 ఓములు. బజారులో 22 ఓముల రెసిస్టరు దొరుకుతుంది, పావు వాటుది చాలు. రెసిస్టరు లేకుండా నేరుగా కలపవద్దు. ఇంటి కరెంటు జోలికి అసలే పోవద్దు.

ఈ సామాను కోసం కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్ళాను. ఉద్యోగం రోజుల్లో ఫ్యాక్టరీ స్టోర్సులో దొరకని కెపాసిటర్ల కోసం వెళ్ళిన గల్లీయే అది. ఎల్‌ఈడీలు, రెసిస్టరు, వైరు అన్నీ కలిపి మేడ్చల్ నుంచి నా రానుపోను ఖర్చు కంటే తక్కువే అయ్యాయి. ఎల్‌ఈడీ వెలుగుతున్నదో లేదో కంటికి తెలియదు గదా, ఫోను కెమెరాలోంచి చూస్తే తెలుస్తుంది. టీవీ రిమోటును అలా చూడండి, నొక్కినప్పుడల్లా కొస మెరుస్తుంది.

దీనికి కావలసిన కెమెరా మాత్రం కొంచెం మార్చాలి. మామూలు కెమెరాలలో పరారుణ కాంతిని ఆపే చిన్న అద్దం ఉంటుంది. దానిని తీసివేసి, మామూలు వెలుతురును ఆపే తెర అడ్డుపెట్టాలి. అప్పుడు కెమెరాకు మూడు చుక్కలు తప్ప గదిలో ఏమీ కనబడదు, లెక్క బహు సులువవుతుంది. సోనీ వారు 2007లో ప్లేస్టేషన్ ఆటల కోసం అమ్మిన ఒక కెమెరా దీనికి పేరుపడింది. సెకనుకు 60 బొమ్మలు తీస్తుంది. ఇప్పుడు పాతవి చవకగా దొరుకుతాయి. ఇక ఆ తెర ఏమిటంటే, మన ఇళ్ళలో బీరువా అడుగున పడి ఉన్న కలర్ ఫోటో నెగెటివ్! స్టూడియోలో కడిగించిన రీలు చివర పూర్తిగా నల్లగా ఉండే ముక్క ఉంటుంది చూడండి, అది రెండు పొరలు. కంటికి నల్లగా కనిపించినా పరారుణ కాంతిని పోనిస్తుంది. కలర్ ఫిల్ములో నలుపు రంగులతో వచ్చినది, అందుకని పోనిస్తుంది. బ్లాక్ అండ్ వైట్ ఫిల్ములో నలుపు వెండితో వచ్చినది, అది ఆపేస్తుంది, పనికిరాదు. మా అమ్మాయి పెళ్ళి రీలు చివర ముక్క ఇప్పుడు మావాడి కెమెరాకు అడ్డం ఉన్నది. పెళ్ళి బొమ్మలు జాగ్రత్తగానే ఉన్నాయని మా ఇంటావిడకు ఈ సభాముఖంగా మనవి చేస్తున్నాను.

కెమెరాతో సహా నాకు అయిన ఖర్చు వెయ్యి రూపాయల లోపే. అయినా నా సలహా ఏమిటంటే, మొదట ఖర్చులేని పద్ధతితో ఒక నెల ఆడనివ్వండి. నెల తరువాత కూడా పిల్లవాడు కూర్చుంటున్నాడంటే అప్పుడు సోల్డరింగ్ ఐరన్ బయటికి తీయండి.

కొన్ని జాగ్రత్తలు చెప్పాలి. పరారుణ ఎల్‌ఈడీ కంటికి కనబడదు కాబట్టి కనుపాప ముడుచుకోదు. ఇంత చిన్న దీపాలతో భయం లేదు గానీ, దగ్గరగా కంటికి ఎదురుగా పెట్టి చూడవద్దు. పసిపిల్లల చేతికి ఇవ్వవద్దు. మెడనొప్పి, సర్వైకల్ స్పాండిలోసిస్ ఉన్న మిత్రులు డాక్టరును అడగకుండా ఈ ఆట మొదలుపెట్టవద్దు. కాలరు కట్టుకుని మరీ ఆడతానని ఒక మిత్రుడు నిన్న ఫోను చేశారు, ఆయనకే ఈ మాట. మామూలు ఆరోగ్యం ఉన్నవారు కూడా ఇరవై నిమిషాలకు ఒకసారి లేవాలి. తల తిరిగినట్లు అనిపిస్తే వెంటనే ఆపాలి. ఓర్చుకుంటే అలవాటవుతుందని పిల్లలు చెబుతారు, నమ్మవద్దు.

ప్రోగ్రాములను తయారుచేసినవారి సొంత చిరునామా నుంచే దింపుకోవాలి. వేరేచోట అదే పేరుతో దొంగ సరుకు ఉంటుంది. పింఛను ఖాతా చూసుకునే కంప్యూటరులో పిల్లల ఆటలు పెట్టకపోవడం ఇంకా మంచిది. ఉచితం అని చెప్పిన దానికి ఎవరైనా ఓటీపీ అడిగితే అక్కడితో ఆపండి. డబ్బు పోయినట్లు తెలిస్తే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోను చేయండి.

ఇంకొక సంగతి పిల్లల తల్లిదండ్రులకు. ఇంట్లో ఆడిన గంటలు పైలట్ లైసెన్సుకు లెక్కలోకి రావు. శిక్షణకు వాడే అసలు సిమ్యులేటర్లు కోట్ల ఖరీదు చేస్తాయి. అవి తమ కాళ్ళ మీద ఊగుతూ నిజం విమానంలాగా కదులుతాయి. ఇండియన్ ఎయిర్‌లైన్స్ వారి శిక్షణ కేంద్రం మన హైదరాబాదులోనే ఉండేది కాబట్టి అందులో చేసిన వారిని అడిగితే చెబుతారు. కాబట్టి తాతయ్య టోపీ చేసిపెట్టాడు గదా, ఇంక మనవడు పైలట్ అయినట్లే అని చుట్టాలకు చెప్పుకోవద్దు. వాడు నేర్చుకున్నది తిరగబోయే ముందు అటు చూడడం ఒక్కటే. మేడ్చల్ చౌరస్తాలో సైకిలు తిప్పేటప్పుడు కూడా ఇప్పుడు చూస్తున్నాడు.

ఈ టోపీ పని నడుస్తుండగా జరిగిన ఒక విషయం చెప్పకుండా ఉండలేను. మన సభ్యులలో ఒకరు, పేరు చెప్పవద్దన్నారు, స్కూటరు మీదనుంచి పడి మెడ దగ్గర వెన్నుకు దెబ్బ తగిలి రెండు చేతులూ చచ్చుబడినవారు ఉన్నారు. మాట బాగుంది, మెడ తిరుగుతుంది, చేతులు మాత్రం ఒడిలో ఉంటాయి. పేపరు చదవాలంటే భార్య పక్కన కూర్చుని పేజీ తిప్పాలి. మా మనవడిని వెంటబెట్టుకుని చూడడానికి వెళ్ళాను. వాడు కాసేపు చూసి, దారిలో నన్నడిగాడు: “తాతయ్యా, ఆయన తల తిప్పగలడు గదా, మౌసును తలతో తిప్పితే కాదా?”

వెతికితే ఆ పని ఇదివరకే చేసినవారు ఉన్నారు. అమెరికాలో బోస్టన్ కాలేజీ వారు చేతులు పనిచేయని వారి కోసం కెమెరా మౌస్ అనే ప్రోగ్రాము తయారుచేసి ఉచితంగా ఇచ్చారు. ఈవియాకామ్ అని ఇంకొకటి ఉన్నది, అదీ ఉచితమే. మామూలు వెబ్ కెమెరా చాలు. తల కదిపితే తెర మీద బాణం గుర్తు కదులుతుంది. ఒకచోట కాసేపు నిలిపితే అదే నొక్కినట్లు లెక్క. అక్షరాల పలకను తెర మీదికి తెచ్చుకుంటే ఒక్కొక్క అక్షరం మీద బాణాన్ని నిలిపి ఉత్తరం కూడా రాయవచ్చు. ఆటకు చేసిన సర్దుబాట్లే ఇక్కడా: ముఖం మీద వెలుతురు, నడుమ స్థానం, చిన్న కదలికలను పట్టించుకోకుండా విడిచే సందు.

మావాడు మూడు ఆదివారాలు వారింటికి వెళ్ళి కూర్చున్నాడు. మొదటి వారం బాణం తెర అంతా పరుగెత్తింది. ఆయన విసిగి, “నా వల్ల కాదులే నాన్నా” అన్నారు. రెండో వారం ఆయన కుర్చీ ఎత్తు మార్చి, కెమెరాను కళ్ళ ఎత్తుకు తెచ్చి, వేగం సగానికి తగ్గించారు. మూడో వారం ఆయన తెలుగు పేపరు తెరిచి, మొదటి పేజీ చదివి, తనంతట తాను రెండో పేజీకి వెళ్ళారు. వంటింట్లోంచి ఆయన భార్య బయటికి వచ్చి, “పిలిచారా?” అని అడిగింది. పిలవలేదన్నారు. ఆమె చేయి తుడుచుకుంటూ కాసేపు అక్కడే నిలబడి, తెర వంక చూసి, మళ్ళీ లోపలికి వెళ్ళింది.

మన సభ్యుల ఇళ్ళలో ఇటువంటి అవసరం ఉన్నవారు ఇంకా ఉంటారు. పక్షవాతం వచ్చినవారు, చేతుల వణుకు ఉన్నవారు, కీళ్ళు బిగిసినవారు. అందరికీ ఒకే రకంగా కుదరదు. వణుకు తలకు కూడా ఉంటే కష్టమే. డాక్టరు సలహా తీసుకుని ప్రయత్నించవచ్చు. కార్యాలయంలో ఒక పుస్తకం పెట్టించాము, అందులో ఇంటి చిరునామా రాసిపోతే ఒక ఆదివారం నేనో, ఎవరో ఒక కుర్రవాడో వచ్చి చూస్తాము. ఖర్చు కెమెరా ఖరీదు మాత్రమే, ల్యాప్‌టాపులో ఉంటే అదీ లేదు.

సంఘం హాలు పక్క గదిలో రెండు బల్లలు వేయించాము. మొదటి బల్ల మీద ఫ్లైట్‌గియర్, టోపీ ఉన్నాయి. బేగంపేట సర్క్యూట్ పెట్టి ఉంచాను, ఎడమ భుజం వెనక్కి చూసి దించాలి. రెండో బల్ల మీద తలతో నడిచే మౌసు ఉన్నది. పిల్లలు మొదటి బల్ల దగ్గర వరుసలో నిలబడండి, ఒక్కొక్కరికి ఒక్క ల్యాండింగే. పెద్దలు ముందు టీ తాగి రండి, రెండో బల్ల దగ్గర నేనుంటాను.